చిన్న ఇంజను పెద్ద కొండ ఎక్కుతుందా?

 

ఈ నెల గోడపత్రికలో నేను బండి ఇంజను గురించి రాస్తున్నాను. ఆడపిల్లకు ఇంజను గొడవ ఎందుకు అని కొందరు నవ్వవచ్చును. నవ్వండి, ఫర్వాలేదు. కానీ మన ఊళ్లకు డిపో బియ్యం రావాలన్నా, మన చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుర్లు సంతకు పోవాలన్నా బండి కావాలి. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చాలంటే, అంబులెన్సు రాలేని చోట జీపో, పికప్పో దిక్కు. ఆ బండి ఎక్కుడులో ఆగిపోతే ముందు ప్రాణం మీదకు వచ్చేది ఆడవాళ్లకే. కాబట్టి ఇది మన సంగతే.

మొన్న వేసవి సెలవుల్లో మా ఊళ్లో దీని మీద పెద్ద వాదన జరిగింది. ఒక అన్నయ్య అప్పు తీసుకుని పికప్ కొందామనుకున్నాడు. చూసి వచ్చిన బండికి ఇంజను చిన్నది. "పాత జీపుకి ఇంజను ఏనుగు తలకాయలా ఉండేది. ఇదేటిరా, అగ్గిపెట్టంత ఉందంటున్నావు? కొండెక్కుద్దా?" అన్నాడు ఒక తాత. "ఎక్కుద్ది తాతా, దీనికి టర్బో ఉంది" అన్నాడు అన్నయ్య. "టర్బో అంటే ఏటి?" అని తాత అడిగితే ఎవరూ చెప్పలేదు. స్కూలు తెరిచాక సైన్సు మాస్టారిని అడిగాను. రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ మావయ్యను అడిగాను. లైబ్రరీలో చదివాను. ఆ తెలిసినవన్నీ కలిపి రాస్తున్నాను.

సీసీ అంటే ఏమిటి?

బండి గురించి మాట్లాడేవాళ్లందరూ "ఎన్ని సీసీ?" అని అడుగుతారు. సీసీ అనగా ఘనపు సెంటీమీటరు. ఇంజను లోపల సిలిండరు అనే గొట్టాలు ఉంటాయి. ఒక్కొక్క గొట్టంలో పిస్టను పైకీ కిందకీ ఆడుతుంది. పిస్టను పై నుంచి కిందకు దిగితే ఎంత చోటు ఖాళీ అవుతుందో కొలిచి, అన్ని సిలిండర్లదీ కలిపితే అదే ఇంజను సీసీ. వెయ్యి సీసీ అంటే ఒక లీటరు. కాబట్టి 2500 సీసీ ఇంజను అంటే రెండున్నర లీటర్ల చోటు. 1500 సీసీ అంటే లీటరున్నర చోటు. మన మంచినీళ్ల బిందెతో పోల్చితే రెండూ చిన్నవే!

ఆ చోటులోకి ఇంజను పీల్చేది గాలి. డీజిలు అందులో ఒక చుక్క మాత్రమే పడుతుంది. ఇక్కడే అసలు సంగతి ఉంది. డీజిలు ఎంతైనా పోయవచ్చును. ట్యాంకు నిండా ఉంటుంది. కానీ అది మండడానికి గాలి కావాలి. ఒక కిలో డీజిలు పూర్తిగా మండాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి పట్టుతుంది. ఒక లీటరు డీజిలుకు లెక్క కడితే దాదాపు 12 కిలోల గాలి. గాలికి బరువు తక్కువ కదా, 12 కిలోల గాలి అంటే 10 ఘనపు మీటర్లు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల ఒక చిన్న గది నిండా ఉన్న గాలి! ఒక్క లీటరు డీజిలు అంత గాలిని తినేస్తుంది. గాలి చాలకపోతే ఏమవుతుంది? డీజిలు సగం మండి నల్లపొగ అవుతుంది. పాత లారీలు ఎక్కుడులో నల్లపొగ కక్కేది అందుకే.

కాబట్టి ఎక్కువ బలం కావాలంటే ఎక్కువ గాలి కావాలి. పాతకాలంలో దానికి ఒకటే దారి, పెద్ద ఇంజను పెట్టడం. తాత అన్నది ఆ కాలపు లెక్క. అది తప్పు కాదు.

కొలిమి తిత్తి

మరి రెండో దారి ఏమిటి? మీరందరూ కమ్మరి కొలిమి చూసే ఉంటారు. అదే కుంపటి, అవే బొగ్గులు. ఊరికే ఉంచితే ఎర్రగా కునుకుతూ ఉంటాయి. తిత్తి పట్టి ఊదితే భగ్గుమని ఇనుమును మైనంలా చేసేస్తాయి. కుంపటి పెద్దది కాలేదు. గాలి పెరిగిందంతే.

టర్బో అనేది ఇంజనుకు పెట్టిన తిత్తి. కొలిమి దగ్గర తిత్తి ఊదడానికి ఒక మనిషి కూర్చోవాలి. టర్బోలో ఆ మనిషి పని పొగ చేస్తుంది. ఎలాగంటే, ఇంజను నుంచి సైలెన్సరులోకి వెళ్లే పొగ చాలా వేడిగా, వడిగా ఉంటుంది. మామూలుగా అది వృథాగా పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న రెక్కల చక్రం పెడతారు. వాగు నీరు తిరగలిని తిప్పినట్టు పొగ ఆ చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి ఒక ఇరుసు, ఇరుసుకు రెండో చివర ఇంకొక రెక్కల చక్రం. ఈ రెండోది బయట గాలిని లాగి, నొక్కి, ఇంజనులోకి తోస్తుంది. చక్రాలు చూస్తే అరచేతిలో పట్టేంత ఉంటాయి. తిరిగేది మాత్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే! ఫ్యాను దాని ముందు కదలనట్టే లెక్క.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు గట్టిగా కొట్టి దాని అడుగు పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది చూడండి, అలాగ. వేడి గాలి పలచన. అందుకని చాలా బండ్లలో ఇంటర్‌కూలర్ అని రేడియేటరు లాంటిది ఒకటి పెట్టి ఆ గాలిని చల్లార్చి లోపలికి పంపుతారు. బియ్యం బస్తాను కుదిపి నింపితే ఇంకో నాలుగు కిలోలు పట్టినట్టు, చల్లారిన గాలి ఇంకా ఎక్కువ పట్టుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. డీజిలు ఇంజను రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుతుంది. 2500 సీసీ ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరిగితే 1000 సార్లు పీల్చుతుంది. అంటే 2500 లీటర్ల గాలి. 1500 సీసీ ఇంజను అదే వేగంలో 1500 లీటర్లే పీల్చగలదు. కానీ టర్బో ఆ గాలిని రెండింతలు చిక్కగా చేసి పెడితే 3000 లీటర్ల గాలికి సమానం. చిన్నది పెద్దదాన్ని మించిపోయింది!

ఇది కొత్త తెలివి కాదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ముందు ఓడలకు, రైలింజన్లకు, పెద్ద లారీలకు పెట్టారు. మన చిన్న బండ్ల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మన రోడ్ల మీద ఏమి మారింది?

పాత మహీంద్రా జీపులలో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ నమూనా డీజిలు ఇంజను ఉండేది. 2112 సీసీ. టర్బో లేదు. తరువాత 2000 సంవత్సరంలో బొలెరో వచ్చింది. దానిలో టర్బో ఉన్న 2523 సీసీ ఇంజను ఏళ్ల తరబడి నడిచింది. నాలుగు సిలిండర్లు, దాదాపు 63 అశ్వసామర్థ్యం. 2016లో బొలెరో పవర్ ప్లస్ అని వచ్చింది. ఇంజను 1493 సీసీ, సిలిండర్లు మూడే. అశ్వసామర్థ్యం మాత్రం 70. అంటే ఇంజను ఒక లీటరు తగ్గింది, బలం ఏడు గుర్రాలు పెరిగింది. పాతదానికీ టర్బో ఉంది కదా, మరి తేడా ఎక్కడ నుంచి వచ్చింది అని మాస్టారిని అడిగాను. కొత్త ఇంజనులో గాలిని ఇంకా గట్టిగా నొక్కుతారు, డీజిలును ఎక్కువ ఒత్తిడితో సన్నని తుంపరలా చిమ్ముతారు, ఎప్పుడు ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు చెబుతుంది అన్నారు.

పికప్ బండ్లలోనూ ఇదే కథ. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ టన్నుంబావు బరువు మోస్తుంది. దాని ఇంజను 1478 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో. టాటా యోధా పికప్ 2017లో వచ్చినపుడు ఇంజను 2956 సీసీ, 85 అశ్వసామర్థ్యం. 2020లో బీఎస్-6 నిబంధన వచ్చాక 2179 సీసీ ఇంజను పెట్టారు, 100 అశ్వసామర్థ్యం.

అమెరికాలో పికప్‌లు మన లారీల్లాగ ఉంటాయట. అక్కడ ఎనిమిది సిలిండర్ల ఇంజను అంటే జనానికి ప్రాణం. ఫోర్డ్ కంపెనీ 2011 మోడలు ఎఫ్-150 బండిలో ఆరు సిలిండర్ల టర్బో ఇంజను తెచ్చింది. టయోటా కంపెనీ 2022 మోడలు టండ్రాలో 5.7 లీటర్ల పెద్ద ఇంజను పూర్తిగా తీసేసి మూడున్నర లీటర్ల లోపు టర్బో ఇంజను పెట్టింది. రామ్ అనే కంపెనీ కూడా 2025 మోడలులో పెద్ద ఇంజను తీసేసింది. కొనేవాళ్లు అలిగారు. 2026 మోడలుకు మళ్లీ తెచ్చింది! అంటే మా తాత లాంటి వాళ్లు అమెరికాలో కూడా ఉన్నారన్నమాట.

కంపెనీలు ఎందుకు మార్చాయి?

మూడు కారణాలు చెబుతాను.

ఒకటి, డీజిలు పొదుపు. చిన్న ఇంజనులో రాసుకునే భాగాలు తక్కువ, బరువు తక్కువ. సంత నుంచి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు అది చిన్న ఇంజనులాగే తాగుతుంది. బరువు లాగేటప్పుడు మాత్రం పెద్ద ఇంజనులాగ పనిచేస్తుంది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఎప్పుడూ నిండా బరువుతో ఎక్కుడే ఎక్కే బండికి ఈ పొదుపు అంతగా కనిపించదు. పని పనే కదా!

రెండు, పొగ నిబంధనలు. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలయ్యాయి. పాత ఇంజన్లు ఆ పరీక్ష నెగ్గడం కష్టం.

మూడు, పన్ను. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిలు అయితే 1500 సీసీ లోపు ఇంజను ఉన్న కార్లకు పన్ను తగ్గించారు. ఇది కార్లకే గాని సరుకు బండ్లకు కాదు. కానీ బొలెరో ఇంజను సరిగ్గా 1493 సీసీ ఎందుకు అయ్యిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కొండ లెక్క

తొమ్మిదో తరగతి వాళ్లకు పని, సామర్థ్యం గురించి పాఠం ఉంది. దాన్ని మన కొండకు వేసి చూశాను. బండి, సరుకు కలిపి 3000 కిలోలు అనుకుందాం. 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి. గురుత్వ త్వరణం 10 అనుకుంటే పని 3000 × 10 × 300 = 90 లక్షల జౌళ్లు. పది నిమిషాల్లో ఎక్కితే, అంటే 600 సెకన్లలో, సామర్థ్యం 15,000 వాట్లు. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు కాబట్టి దాదాపు 20 గుర్రాలు చాలు! టైర్లు రోడ్డును రాసుకోవడానికి, గేర్లలో పోయేదానికి ఇంకా కొంత కలపండి. అయినా 70 గుర్రాల బండికి అది మించిన పని కాదు. అదే కొండను అయిదు నిమిషాల్లో ఎక్కాలంటే 40 గుర్రాలు కావాలి. బరువు రెండింతలు వేస్తే మళ్లీ రెండింతలు.

ఇంకొక లాభం కూడా ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది. అరకు లాంటి ఎత్తు చోట్ల టర్బో లేని ఇంజనుకు ఆయాసం వస్తుంది. టర్బో ఉన్నది ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది.

కాబట్టి తాత ప్రశ్నకు జవాబు: ఎక్కుద్ది. బాగా ఎక్కుద్ది.

తాత మాటలోనూ నిజం ఉంది

అయితే మెకానిక్ మావయ్య ఇంకో నాలుగు మాటలు చెప్పాడు. అవి కంపెనీ కాగితాల మీద పెద్ద అక్షరాలతో ఉండవు.

మొదటిది. పొగ వడిగా వస్తేనే టర్బో తిరుగుతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నపుడు తిత్తి నిద్రపోతూ ఉంటుంది. అప్పుడది ఉత్త చిన్న ఇంజనే. నిండా బరువుతో ఎక్కుడు మధ్యలో ఆపి మళ్లీ కదిలించేటప్పుడు బండి ఒక్క క్షణం దమ్ము లేనట్టు ఉంటుంది. ఆ క్షణంలో వెనక్కి జారవచ్చును. కాబట్టి ఎక్కుడు మొదలు కాకముందే గేరు తగ్గించుకోవాలి. బండి ఆగితే వెనక చక్రానికి రాయి పెట్టాలి. రాయి పెట్టేవాడు బండికి సూటిగా వెనక నిలబడకూడదు, పక్కన ఉండాలి.

రెండవది, ఆయిలు. లక్ష చుట్లు తిరిగే ఇరుసు పలచని ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిలు మురికిగా ఉన్నా, తక్కువ ఉన్నా టర్బో పోతుంది. పాత జీపులు ఆయిలు మార్చకపోయినా మూలుగుతూ నడిచేవి. ఇది అలా ఊరుకోదు. బాగు చేయించాలంటే రాజమండ్రి దాకా పోవాలి, ఖర్చు కూడా చిన్నది కాదు. అప్పు మీద కొన్న బండి షెడ్డులో ఉంటే వాయిదా ఎవరు కడతారు? మన మట్టి దారుల్లో గాలి ఫిల్టరు కూడా త్వరగా దుమ్ముతో నిండుతుంది. దాన్ని కూడా చూసుకుంటూ ఉండాలి.

మూడవది. కొండ ఎక్కి రాగానే టపీమని ఇంజను కట్టేయకూడదు. టర్బో అప్పుడు నిప్పులా కాలుతూ ఉంటుంది. ఇంజను ఆగితే ఆయిలు కూడా ఆగుతుంది, ఉన్న ఆయిలు మాడిపోతుంది. ఒకటి రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి అప్పుడు కట్టాలి. పరుగెత్తి వచ్చిన ఎద్దును వెంటనే కట్టేయకుండా నాలుగడుగులు నడిపించినట్టు.

నాలుగవది అన్నిటికన్నా పెద్దది. టర్బో ఎక్కుడుకు సాయం చేస్తుంది గాని దిగుడుకు చేయదు. దిగేటప్పుడు డ్రైవరు యాక్సిలేటరు వదిలేస్తాడు, డీజిలు మండదు, పొగలో వడి ఉండదు. గేరులో ఉన్న ఇంజను బండిని కొంత పట్టి ఆపుతుంది. పెద్ద ఇంజను ఎక్కువ పట్టుతుంది, చిన్న ఇంజను తక్కువ పట్టుతుంది. మిగిలిన భారమంతా బ్రేకు మీద పడుతుంది. బ్రేకు తొక్కి తొక్కి కాలిపోతే పట్టు తప్పుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్ల మాట. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం చావు కొనుక్కోవడమే.

డెల్టాలో ఈ బాధ తక్కువ. కడియం నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటిగెలలు వేసుకుపోయే పికప్‌లకు దారి చాప పరిచినట్టు ఉంటుంది. గోకవరం దాటాక మన దారి వేరు. మారేడుమిల్లి నుంచి చింతూరు పోయే ఘాట్ రోడ్డులో ఒక మలుపు అయ్యేలోపు ఇంకో మలుపు. 2020 అక్టోబరులో గోకవరం మండలం తంటికొండ గుట్ట మీద నుంచి పెళ్లివారి బండి పడి మనుషులు చనిపోయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు.

టర్బో వచ్చాక బండి సులువుగా ఎక్కుతోంది కదా అని ఇంకో పది బస్తాలు వేస్తున్నారు. బస్తాల మీద మనుషులు కూర్చుంటున్నారు. ఇంజను బలం పెరిగింది నిజమే. బ్రేకులు, రోడ్డు వెడల్పు దానితోపాటు పెరగలేదు. సరుకు బండిలో జనాన్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. బస్సు రాని ఊరివాళ్లు ఎలా పోవాలి అని మీరు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. బస్సు కోసం అర్జీ పెట్టాలి, అడుగుతూనే ఉండాలి. అప్పటిదాకా ఎక్కక తప్పకపోతే బస్తాల మీద కాకుండా తొట్టి అడుగున కూర్చోవాలి. తాగిన డ్రైవరు బండి మాత్రం ఎవరు పిలిచినా ఎక్కకూడదు.

ఇంజను పెద్దదా చిన్నదా అన్న ఒక్క సంగతి చూసి బండి కొనకూడదని నాకు అర్థమైంది. ఇంట్లో ఎవరైనా కొనేటప్పుడు ఇవి అడగమనండి:

1. ఎంత బరువుకు ఒప్పుకున్న బండి? మన సరుకు దానికి లోపే ఉంటుందా?
2. నిండా బరువు వేసి ఒకసారి ఎక్కుడు ఎక్కించి, దింపి చూపిస్తారా?
3. ఆయిలు, ఫిల్టర్లు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? ఎంత అవుతుంది?
4. టర్బో బాగు చేసే షెడ్డు మనకు ఎంత దూరంలో ఉంది?

ఎక్కువ బరువు, ఎక్కువ ఎక్కుళ్లు ఉన్నవాళ్లకు పెద్ద ఇంజను పికప్‌లు కూడా ఉన్నాయి. 2022లో వచ్చిన బొలెరో మ్యాక్స్ పికప్‌లో 2523 సీసీ ఇంజనే పెట్టారు. కాబట్టి పెద్దవి పూర్తిగా పోలేదు. ఎవరి దారిని బట్టి, ఎవరి బరువును బట్టి వారు ఎంచుకోవాలి.

మీలో ఎవరి నాన్న అయినా, మావయ్య అయినా డ్రైవరుగా ఉంటే ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని సెలవులకు పట్టుకెళ్లండి. వాళ్లు చెప్పిన కొత్త సంగతులు వచ్చే నెల గోడపత్రికకు రాసి ఇవ్వండి. నా లెక్కలో ఎక్కడైనా సందేహం ఉంటే స్టడీ అవరులో నన్ను అడగవచ్చును.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని